తారకం గారి శవం వేషం

మొయినాబాద్ బస్టాండు ఎదురుగా ఉన్న రామేశ్వర్ సేటు దుకాణానికి రెండు తలుపులు. రోడ్డు వైపు తలుపులోంచి పోతే ఉప్పు, పప్పు, సబ్బులు. పక్క సందు వైపు తలుపులోంచి పోతే చావు సామాను. తెల్లబట్ట, కొత్త కుండ, సుతిలి తాడు, బుక్కాగులాలు, పేలాలు, ఊదుబత్తీలు, గోడకు నిలబెట్టిన వెదురు బొంగులు. పెళ్లి బట్టలకు పట్నం పోయేవాళ్లు కూడా ఇంట్లో ఎవరైనా పోతే మాత్రం ఈ సందులోకే వచ్చేవాళ్లు.

ఆ సందు తలుపుకు కొన్ని కట్టుబాట్లున్నాయి. అక్కడ బేరం లేదు. మిగిలింది వాపసు లేదు. కొన్నవాళ్లు "వస్త సేటూ" అనరు. సేటు "మళ్ల రాండ్రి" అనడు. అన్నిటికంటే గట్టిది, ప్రాణం పోయాకే సామాను. "డాక్టర్లు చేతులెత్తేసిన్రు, ఇయ్యాల్నో రేపో, ఏ యాళ్లప్పుడో నిన్ను లేపుడెందుకు" అంటూ ముందే తీసుకుపోదామని వచ్చేవాళ్లుంటారు. వాళ్లకు రామేశ్వర్ ఒకటే మాట చెప్పేవాడు.

"లేపుండ్రి. లేస్త. ఇప్పుడైతె ఇయ్య."

దానికి కారణం ఉంది. ఆయనకు ఇరవై నాలుగేళ్లప్పుడు తండ్రిని దవాఖాన నుంచి ఇంటికి తీసుకుపొమ్మన్నారు. రామేశ్వర్ ముందుచూపు మనిషి. రేపటి హడావుడిలో ఏదీ మరిచిపోకూడదని ఒక మూట కట్టి దుకాణం మూలకు పెట్టాడు. దుకాణానికీ ఇంటికీ మధ్య ఒక్క పరదానే. గాలికి పరదా తొలగినప్పుడు తండ్రి మంచంలోంచి ఆ మూట చూశాడు. నలభై ఏళ్లు అవే మూటలు కట్టిన మనిషి, గుర్తుపట్టడా? "ఎవరికిరా?" అని అడిగాడు. రామేశ్వర్ పరదా సరిచేశాడు. తండ్రి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తెల్లారి లేవలేదు. జబ్బుతోనే పోయాడని అందరూ అన్నారు. రామేశ్వర్ ఎవరితోనూ వాదించలేదు, నమ్మనూ లేదు.

తారకం ఆ దుకాణం మెట్లెక్కేనాటికి రామేశ్వర్‌కు యాభై ఎనిమిదేళ్లు. రెండువేల నాలుగో సంవత్సరం. మాదాపూర్‌లో అద్దాల మేడలు లేచిన కొద్దీ ఇటు గులాబీ తోటలు, టమాట చేన్లు ఫామ్‌హౌస్‌లవుతున్న కాలం. కొడుకు కల్యాణ్ కాల్‌సెంటర్‌లో చేరాడు. కంపెనీ బండి దుకాణం ముందుకే వచ్చి ఎక్కించుకునేది. సందు తలుపు మూసెయ్యమని వాడి పోరు. "డాడీ, శని ఆదివారాలు కార్లోళ్లు ఆగేదే మన దగ్గర. ఆ బొంగులు చూసి ముందల దుకాణానికి పోతున్నరు." "పోనీ. ఆఖర్న ఈడికే వస్తరు" అనేవాడు రామేశ్వర్. ఆయన జోకు వెయ్యలేదు. నిజంగానే అన్నాడు.

ఒక పొద్దున గల్లాపెట్టెకు దండం పెట్టుకుంటుంటే, లుంగీ మీద పాత పట్టులాల్చీ వేసుకున్న ముసలాయన ఒకడు వచ్చి, "మారీ బిస్కెట్లు ఒక ప్యాకెట్ ఇప్పించండి" అని, ఆ వెంటనే తుమ్మాడు. మామూలు తుమ్ము కాదు. మూడు మలుపులు తిరిగి చివర్న కోడిపుంజు కూతలా తేలింది. బస్టాండులో జనం వెనక్కి తిరిగి పకపకా నవ్వారు.

రామేశ్వర్ స్టూలు జరిపాడు. చెంబుతో నీళ్లిచ్చాడు. "బోణీ కాలె ఇంక. కూసోని నీళ్లు తాగుండ్రి. జరసేపాగి మొదలువెడదాం."

ముసలాయన నీళ్లు తాగి ఎగాదిగా చూశాడు. "నేనెవరో తెలీదాండి మీకు?"

"తెల్వదు. జలుబున్నట్టున్నది. శొంఠి ఇయ్యాల్నా?"

ముసలాయన స్టూలు మీదే ఒళ్లు ఊగేలా నవ్వాడు. ఇరవై ఏళ్ల కింద ఆంధ్రదేశమంతా ఆ తుమ్ము తెలుసు. ప్రతి సినిమాలోనూ హీరో ప్రయాణమయ్యేటప్పుడు ఎదురొచ్చి తుమ్మే వేషం ఆయనది. తుమ్ముల తారకం అని వాల్‌పోస్టర్ల మీద బొమ్మ వేసేవాళ్లు. తర్వాత జనం వేరేవాటికి నవ్వడం మొదలుపెట్టారు. పద్నాలుగేళ్లుగా వేషం లేదు, భార్య పోయింది, కిరాయి ఇల్లు పోయింది. భూముల వ్యాపారంలో పైకొచ్చిన జనార్దన్ అనే ఆయన పాత అభిమానంతో తన ఫామ్‌హౌస్ వెనక గదిలో ఉండమన్నాడు. ఊరికే కాదు. ఆదివారం పార్టీలకు సాఫ్ట్‌వేర్ కంపెనీల వాళ్లొస్తే తారకాన్ని పిలిచి, "ఒక్కసారి తుమ్మండి సార్, మా పిల్లలు చూస్తరు" అనేవాడు. తారకం తుమ్మేవాడు. తర్వాత ప్లేటులో అన్నం పెట్టించుకుని గదికి పోయేవాడు.

మొయినాబాద్‌లో తనను తుమ్మమని అడగని మనిషి రామేశ్వర్ ఒక్కడే. అందుకే మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు.

"ఏంటండి శెట్టిగారూ, ఇవాళ ఎన్ని పోయాయి?"

"మేం శెట్లం గాదు సార్, సేట్లం. ఇయ్యాల ఒక్కటి. షాబాద్ దిక్కు."

"ఒక్కటేనా? ఈ మార్కెట్‌తో మీరెలా బతుకుతారండి!"

రామేశ్వర్ భార్య పరమేశ్వరి పరదా వెనక నోటికి కొంగు అడ్డం పెట్టుకునేది. పెళ్లయ్యాక మొగుడు ఒక మనిషితో అరగంట కూర్చుని మాట్లాడటం ఆమె చూడలేదు. దుకాణానికి సెలవుండదు, చావుకు సెలవుండదు గనక. పెళ్లిళ్లకు ఆయనను పిలిచేవాళ్లు తక్కువ. పిలిచినా, ముందు వరసలో కూర్చోవద్దని ఆయనకే తెలుసు. అలాంటి ఇంటికి పదిన్నరకల్లా ఒక మనిషి వచ్చి, పేపరు తీసి, బంగారం ధరలు ఏడుస్తూ, చావు ప్రకటనలు పెళ్లి పిలుపుల్లా చదువుతుంటే, రామేశ్వర్ పప్పు తూస్తూ వినేవాడు. ఆయన రాని రోజు తూకం పట్టుకుని రోడ్డు వైపు చూసేవాడు.

రెండో ఎండాకాలం తారకం మెట్టు దగ్గరే కూలబడ్డాడు. ఆటోలో చేవెళ్లకు, ఒక ప్రైవేటు దవాఖానకు తీసుకుపోయాడు రామేశ్వర్. గుండె పావు వంతే పనిచేస్తున్నదని, ఎండలో తిరగొద్దని, కుదుపులు పడొద్దని డాక్టర్ చెప్పాడు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో తారకం ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"సేటూ, ఇది మీరూ నేనూ తప్ప మూడో మనిషికి తెలియకూడదు. సినిమావాళ్ల చెవిన పడిందో, నేను బతికుండగానే పోయినట్టు. ఒట్టెయ్యండి."

"ఇప్పుడెవరు పిలుస్తున్నరు సార్ మిమ్ముల?"

"పిలవరు. కానీ పిలిస్తే?"

రామేశ్వర్ ఒట్టు వేశాడు.

పిలిచారు. ఉద్యోగం మానేసి డైరెక్టర్ కావాలనుకున్న అభిలాష్ అనే కుర్రాడు జనార్దన్‌తో డబ్బు పెట్టించి హాస్యచిత్రం తీయబోతున్నాడు. దుకాణం ముందు కూల్‌డ్రింక్ తాగుతూ ఈ ఇద్దరినీ గంటసేపు చూశాడట. వారానికి కథ అల్లుకొచ్చాడు. వేషాల్లేని పాత నటుడు, చావు సామాను అమ్మే చిరాకు దుకాణదారు స్నేహితులవుతారు. నటుడికి ఒక పిచ్చి కోరిక, తను పోతే ఎంతమంది వస్తారో చూడాలని. చచ్చినట్టు నాటకమాడతాడు. దుకాణదారు వేషానికి పేరున్న కమెడియన్. నటుడి వేషం తారకానిదే. సినిమా అంతా ఉంటాడు.

తారకం నడక మారిపోయింది. తలకు రంగేశాడు. మధ్యాహ్నాలు దుకాణం అరుగు మీద సాధన. డైలాగుల పుస్తకం రామేశ్వర్ చేతిలో. పాడె మీద లేచి కూర్చుని, వచ్చినవాళ్లను లెక్కపెట్టే సీను ప్రాణం ఆయనకు. "ఒకటి, రెండు... ఇంతేనా? వెనకాల బస్సేమైనా వస్తోందా?" అని మొదలై, మెల్లగా నవ్వు చచ్చిపోయి, వచ్చిన ఇద్దరికీ చేతులు జోడించడంతో ముగుస్తుంది. రామేశ్వర్‌కు మాట మాట కంఠతా వచ్చేసింది.

"సినిమాలో నా చావుకి వచ్చే ఇద్దరిలో మీరొకరండి సేటూ."

"నేనెట్ల వస్త? దుకాణం ఎవరు చూస్తరు?"

"అదిగో! ఈ మాట అభిలాష్‌కి చెప్పి పెట్టిస్తాను."

మే నెల రెండో వారం పాడె సీను. చిల్కూరు దారిలో ఒక బీడు భూమిలో, మిట్టమధ్యాహ్నం. నలుగురు పాడె మోస్తూ పరుగెత్తాలి, గట్టు మీంచి దూకాలి, ఒకసారి కింద పడెయ్యాలి. నిజమైన సామానే కావాలని అభిలాష్ మనిషిని పంపాడు. "ఎవరు పోయిన్రు?" అన్నాడు రామేశ్వర్. ఎవరూ పోలేదు, షూటింగ్ అన్నారు. "అయితె ఇయ్య" అన్నాడు. సాయంత్రం తారకమే స్వయంగా సందు తలుపు దగ్గరికొచ్చాడు. ఇన్నాళ్లలో ఆ తలుపు దగ్గరికి ఆయన రావడం అదే మొదలు.

"పోయింది నేనేనండి. ఇవ్వండి."

"సార్, అసొంటి మాటలొద్దు."

"పద్నాలుగేళ్లకి వచ్చిన వేషం సేటూ. మీ పట్టింపుతో షూటింగ్ ఆపుతారా?"

రామేశ్వర్ తెల్లబట్ట చింపాడు, కుండ దించాడు, తాడు చుట్టాడు. మూట కట్టి తారకం చేతుల్లో పెట్టాడు. ఆయన ఆ మూట చంకన పెట్టుకుని, పెళ్లికి పోయేవాడిలా ఈల వేసుకుంటూ పోయాడు. బతికున్న మనిషికి ఆయన సామానే ఆయన చేతికిచ్చి పంపినట్టయింది. రామేశ్వర్ అన్నం ముందు కూర్చుని లేచాడు. పరమేశ్వరి అడిగితే ఏమీ లేదన్నాడు.

పొద్దున దుకాణం తెరవకుండానే ఫామ్‌హౌస్‌కు పోయాడు. షూటింగ్‌కని అక్కడే దిగిన అభిలాష్ పళ్లు తోముకుంటున్నాడు.

"బాబూ, తారకం సార్‌ను ఎండల ఉరికిచ్చకుండ్రి. పాడె మీది నుంచి పడెయ్యకుండ్రి. ఆయన గుండె మంచిగ లేదు."

"అంటే?"

"పావు వంతే పనిజేస్తున్నదన్నడు డాక్టర్. జర నీడపట్టున తీయుండ్రి. గంతే."

గంతే అనుకున్నాడు రామేశ్వర్. గొడుగు పడతారు, పరుపు వేస్తారు, మెల్లగా మోస్తారు. ఆయన వ్యాపారంలో ఒకరికి కష్టమని చెప్తే ఎదుటివాడు గొంతు తగ్గించి, నాలుగు మంచి మాటలు చెప్పి, పని జరిపిస్తాడు. సినిమా వ్యాపారం ఎట్లా ఉంటుందో ఆయనకు తెలియదు. అభిలాష్ నోట్లో నురగతోనే జనార్దన్‌కు ఫోన్ చేశాడు. పది నిమిషాల్లో తేలిపోయింది. "షూటింగ్‌ల పోతే పోలీసులు, పేపరోళ్లు నా ఇంటి మీదికొస్తరు. ఆ ముసలాయన వద్దు."

అభిలాష్ మంచివాడే. వేషం పూర్తిగా తీసెయ్యలేదు. రెండు రోజుల్లో కథ మార్చాడు. నటుడు సినిమాకు ముందే చనిపోయి ఉంటాడు. దుకాణదారు గోడ మీద ఫోటోతో మాట్లాడుతుంటాడు. తారకాన్ని తోటలో కుర్చీ వేసి కూర్చోబెట్టి ఒక ఫోటో తీశారు. ఫ్రేము కట్టించి దండ వేశారు. సినిమా అంతా ఉంటాడని అన్న మాట ఆ విధంగా నిలబెట్టుకున్నారు.

ఎవరు చెప్పారో దాచాలని అభిలాష్‌కు తోచలేదు. "రామేశ్వర్ సేటు చెప్పిన్రు సార్, మీ మంచికే" అన్నాడట.

తారకం దుకాణానికి రావడం మానేశాడు. నాలుగో రోజు రామేశ్వర్ మారీ బిస్కెట్లు తీసుకుని ఫామ్‌హౌస్ గేటు దగ్గరికి పోతే, వాచ్‌మన్ భిక్షం తల గోక్కున్నాడు.

"సార్ బయటికొస్తలేడు సేటూ. నీకొక మాట చెప్పమన్నడు."

"ఏమన్నడు?"

"నువ్విచ్చిన సామాను మంచిగ పనికొచ్చిందని చెప్పమన్నడు."

రామేశ్వర్ బిస్కెట్లు భిక్షానికిచ్చి వచ్చేశాడు. ఒట్టు తప్పానన్న బాధ ఉంది, మనిషి బతికున్నాడు గదా అన్న ధైర్యమూ ఉంది. రెండూ ఒకదాన్నొకటి తినెయ్యకుండా అట్లనే ఉండిపోయాయి. "నువ్వు చెప్పింది తప్పేం గాదు" అని పరమేశ్వరి అంది. "చెప్పకుంటె ఆయన గాడ చచ్చిపోతుండెగా?" రామేశ్వర్ తల ఊపాడు. రోజూ పదిన్నరకు స్టూలు బయట వేసి, పన్నెండుకు లోపల పెట్టేవాడు.

ఆగస్టులో షూటింగ్ అయిపోయింది. చివరి రోజు గుమ్మడికాయ కొట్టాలి. రామేశ్వర్‌నే తెమ్మన్నారు, కర్పూరమూ కొబ్బరికాయలూ కూడా. తోటలో సామాన్లు వ్యానుకెక్కిస్తున్నారు. ప్రొడక్షన్ మేనేజర్ కృష్ణయ్య సినిమాల్లో తల పండినవాడు. ఉన్నట్టుండి ఆయనకు గుర్తొచ్చింది.

"బతికున్న మనిషి ఫోటోకి దండేశాం. నవ్వే షాట్ తీయకుండా పోతే అరిష్టం. పిలవండి తారకాన్ని."

శవంగా పడుకున్నవాళ్లను, ఫోటోకు దండ వేయించుకున్నవాళ్లను చివర్న ఒకసారి కెమెరా ముందు నవ్వించడం వాళ్ల ఆచారం. దిష్టి పోతుందని. కెమెరామన్ గొణిగాడు. "రీలు మొత్తం ప్యాక్ చేసేశాం సార్." అభిలాష్ గొంతు తగ్గించి, "ఉత్తదే తిప్పు. నవ్వేదేగా, ఎవరు చూస్తరు" అన్నాడు. పక్కనే గుమ్మడికాయ పట్టుకుని నిలబడ్డ రామేశ్వర్ అది విన్నాడు.

తారకం వచ్చాడు. మూడు నెలల్లో రంగు పోయి తల తెల్లబడింది. రామేశ్వర్ వైపు చూడలేదు. కెమెరా ఎదురుగా బల్ల మీద కూర్చోబెట్టారు.

"ఒక్క నవ్వు సార్, చాలు" అన్నాడు అభిలాష్.

"ఒక్క నిమిషం ఇస్తారా బాబూ? మీకు పనికొస్తే ఎక్కడైనా అతికించుకోండి."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతు కొత్తగా వేషం అడగొచ్చిన కుర్రాడిలా ఉంది. అభిలాష్ గడియారం చూసుకుని తలూపాడు. రామేశ్వర్ నోరు తెరవబోయాడు. రీలు లేదు సార్, చెయ్యకుండ్రి, అని నాలుక మీది దాకా వచ్చింది. పోయినసారి నోరు తెరిచి ఏం చేశాడో గుర్తొచ్చింది. పళ్లు బిగబట్టాడు.

తారకం బల్ల మీద పడుకుని, మెల్లగా లేచాడు. ఎదురుగా లేని జనాన్ని చూశాడు. "ఒకటి, రెండు... ఇంతేనా? వెనకాల బస్సేమైనా వస్తోందా?" వైర్లు చుడుతున్న లైట్‌మెన్ ఆగిపోయారు. ఒకడు పకాలున నవ్వాడు, తర్వాత అందరూ. వేలు మడుస్తూ ఆయన మళ్లీ లెక్కపెట్టాడు. ఎన్నిసార్లు లెక్కపెట్టినా రెండే. ఆ రెండో వేలు దగ్గర నవ్వు ఎప్పుడు ఆగిపోయిందో ఎవరికీ తెలియలేదు. ఆయన చేతులు జోడించాడు. రామేశ్వర్‌కు ప్రతి మాటా ముందే తెలుసు. అయినా గుమ్మడికాయ చేతిలోంచి జారబోతే కడుపుకు అదిమి పట్టుకున్నాడు.

"కట్" అన్నాడు అభిలాష్. వాడి కళ్లు ఎర్రబడ్డాయి. కెమెరామన్ వైపు చూసి, తల వంచుకుని వ్యాను వైపు నడిచాడు.

గుమ్మడికాయ కొట్టారు. తారకం తన పెట్టె తెచ్చుకున్నాడు. షూటింగ్ అయ్యాక గది ఖాళీ చెయ్యమని జనార్దన్ అప్పటికే చెప్పించాడు. వ్యాను దగ్గర రామేశ్వర్ పెట్టె అందుకోబోతే, వద్దనలేదు.

"మీకు ముందే తెలుసా, సేటూ?"

"ఏంది సార్?"

"రీలు లేదని. నలభై ఏళ్లు ఆ డబ్బా ముందు నిలబడ్డానండి. రీలున్నప్పుడు దాని చప్పుడు వేరు. సగంలో పట్టుకున్నాను. ఆపలేక చేశాను."

రామేశ్వర్ పెట్టె కింద పెట్టాడు. "తెలుసు."

"చెప్పలేదేం?"

"చెప్తె చెయ్యకపోదురు."

"చెయ్యకపోదునేమో. చేద్దునేమో." తారకం ఆయాసం తీర్చుకుంటూ వ్యాను తలుపు పట్టుకున్నాడు. "పోయినసారి నన్నడక్కుండా చెప్పేశారు. ఈసారి నన్నడక్కుండా దాచేశారు. రెండుసార్లూ నా మంచికే, నాకు తెలుసు. నా సంగతండి అది. ఒక్కసారి నన్నడిగితే మీ సొమ్మేం పోయేది?"

డ్రైవర్ హారన్ కొట్టాడు. తారకం ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు, ఒళ్లో పెట్టె.

"యేడికి పోతున్నరు సార్?"

"సిటీ దాకా ఈ బండి. తర్వాత చూడాలండి."

రామేశ్వర్ కిటికీ ఊచ పట్టుకున్నాడు. పెట్టె దించేసి, ఆటో ఎక్కించి, ఇంటికి తీసుకుపోయేవాడే, ఇంకో రోజైతే. దుకాణం వెనక గది ఖాళీగా ఉంది.

"మా ఇంటికొస్తరా? రాండ్రి అంటలేను. వస్తరా అని అడుగుతున్న."

తారకం ఆయన మొహంలోకి చూశాడు. చాలాసేపు, తీరుబడిగా, ఆలోచించే చూశాడు.

"రాను సేటూ" అన్నాడు. గొంతులో కోపం లేదు.

"సరే సార్" అని రామేశ్వర్ ఊచ వదిలాడు. వ్యాను గేటు దాటి మెహిదీపట్నం దిక్కు తిరిగింది.